తెలియకే అడిగిన మనిషి

పుంగనూరు బస్టాండు ఎదురుగా టీ అంగట్లో కూర్చుని ఉండగా ఆమె పోయిన సంగతి తెలిసింది. చెప్పినవాడు ఆమె ఊరివాడే. గ్లాసు కింద పెట్టకుండా, వాన సంగతి, టమోటా ధర సంగతి మాట్లాడుతూ మధ్యలో చెప్పాడు.

"అన్నా, యాలమ్మ పోయిందంట కుప్పంలో. పది దినాలయింది."

"ఏ యాలమ్మ?" అన్నాను, తెలిసే.

"అదేనన్నా, సీసాలో పురుగులేసుకోని మదనపల్లె దాకా పోయిందే. ఆ పిచ్చామె."

నాకు ఒళ్లు మండింది. "ఎవురికిరా పిచ్చి?" అని అరిచాను. "సచ్చిన పురుగుల్ని పేడదిబ్బలో పూడ్చి, మేం బాగుండామని మీసాలు దువ్వుకుంటా తిరిగినారే మీ ఊరోళ్లు, వాళ్లంతా తెలివిగల్లోళ్లు. ఇది ఏం రోగమో సెప్పండి సామీ అని నోరు తెరిసి అడిగినామె పిచ్చిదా?"

అంగట్లో నలుగురూ తిరిగి చూశారు. వాడు బిత్తరపోయి, "నాకేం తెల్సన్నా, మా పెద్దోళ్లు అట్ల అంటాండ్రి" అని లేచి వెళ్లిపోయాడు. వాణ్ని తిట్టే హక్కు నాకు లేదు. ఆ సంగతి వాడికి తెలియదు. నాకు తెలుసు.

ఆమె పేరు రాయను. రాసినా ఆ ఊళ్లో సగం మందికి ఎవరో తెలియదు. మా వైపు 'ఎందుకు' అనడానికి 'యాల' అంటారు. రోజుకు వందసార్లు ఆ మాట అంటుందని యాలమ్మ అని పేరు పెట్టారు. ఆ పిలుపులో ఎగతాళి ఉందని ఆమెకు తెలుసు. పిలిస్తే పలికేది. పలికి, "యాల పిలిస్తిరి?" అని మళ్లీ అడిగేది.

ఆ రోజుల్లో నేను చంద్రికలు బాడుగకు ఇచ్చేవాణ్ని. చంద్రిక అంటే ఆరడుగుల వెదురుచాప. దాని మీద వెదురుబద్దను జిలేబీలాగా చుట్టి నిలబెట్టి ఉంటారు. పట్టుపురుగు ఆకు తిని తిని, పండి పసుపురంగుకు తిరిగాక, గూడు కట్టడానికి దాన్ని చంద్రిక మీదికి ఎక్కిస్తారు. పంటకు నాలుగు రోజులే దీనితో పని. నాలుగు రోజుల కోసం ఎవరు కొంటారు? అందుకని నావంటివాళ్లు. ఒక ఎద్దులబండి, దాని మీద చంద్రికల దొంతర. ఈ ఇంట్లో పని అయిపోతే ఆ ఇంటికి, అక్కడ అయిపోతే ఇంకో ఊరికి. పుంగనూరు నుంచి సదుం వైపు పోయే పల్లెల్లో నా బండి ఎరగని వీధి లేదు.

మొదటిసారి ఆమె ఇంటికి చంద్రికలు దించిన రోజు నాకు బాగా గుర్తు. అప్పటికి మొగుడు పోయి మూడేళ్లు. ముసలి అత్త, ఒక బావి, ఎకరా మల్బరీ తోట. ముప్పై దాటని మనిషి. ఏదన్నా అడగబోయే ముందు కుడిచేతిని నడుముకు రెండుసార్లు తుడుచుకునేది, ఎవరో చేతికి ఏదో ఇవ్వబోతున్నట్టు. తల ఒక పక్కకు వంచేది. అప్పుడు వచ్చేది ఆ మాట.

"అన్నా, తెలీక అడుగుతాండా. ఇది సుట్టలు సుట్టలుగా యాల ఉండాల? నిలువుగీతలుగా ఉంటే పురుగు ఎక్కదా?"

తెలియక అడుగుతున్నాను అని మనవాళ్లు ఎప్పుడంటారో మీకు తెలుసు. ఎదుటివాణ్ని దులపడానికి నడుం కట్టినప్పుడు అంటారు. ఆ మాట వినగానే నేనూ చెయ్యి ఎత్తి తగాదాకు సిద్ధమయ్యాను. ఆమె మొహం చూస్తే తగాదా లేదు. నిజంగానే తెలియదు, నిజంగానే అడుగుతోంది.

"మేదరోళ్లు అట్ల అల్లతారు. అంతే."

"మేదరాయన్ని అడిగి సెప్తావా, మళ్లీ వచ్చినప్పుడు?"

నవ్వి ఊరుకున్నాను. మళ్లీ వెళ్లినప్పుడు "అడిగినావా?" అంది. అడగలేదు. మూడోసారికి ఆమే పుంగనూరు వచ్చి, మేదరవీధిలో చంద్రికలు అల్లే ముసలాయన ముందు గొంతుక్కూర్చుని అడిగి వెళ్లింది. ఆయన నాకు చెబుతూ మురిసిపోయాడు. "మూల దొరికితే రెండు పురుగులు దూరి ఒకే గూడు కడతాయి సామీ. ఆ గూడు ధరకు పోదు. సుట్టకు మూల ఉండదు గదా. ముప్పై ఏండ్లుగా అల్లతాండా, ఒక్కరన్నా అడిగిన పాపాన పోలేదు." పన్నెండేళ్లుగా వాటిని మోసినవాణ్ని నేను. ఆ సాయంత్రం కొట్టంలో నిలబడి నా చంద్రికల్నే కొత్తగా చూశాను.

ఆమె ఎవరినైనా అడిగేది. బస్సు డ్రైవరును, ఎవరూ లేని మలుపులో హారను యాల కొట్టినావని. కళాయి పూసే సాయిబును, తగరం ఇత్తడికి అంటుకున్నట్టు మట్టికి యాల అంటుకోదని. చెబుతుంటే ఆఖరి మాటను పెదవుల మీద ఒకసారి తనూ పలికి చూసుకునేది. అర్థం కాకపోతే తల ఊపేది కాదు. "ఆడ తెగింది. మళ్లీ సెప్పు" అనేది, దారం తెగినట్టు. నేను చూసిన పెద్దమనుషుల్లో, చదువుకున్నవాళ్లలో, అర్థం కాకపోయినా తల ఊపనివాళ్లు ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఇక పురుగుల ఇళ్ల మర్యాద ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

పురుగులు ఉన్న ఇంటి గడప ముందు సున్నపుగీత గీస్తారు, వాకిలికి వేపమండలు కడతారు. బయటివాళ్లు గీత దాటకూడదు. "పురుగులు ఎట్లుండాయి?" అంటే "బాగుండాయి" అనాలి. అన్నీ చచ్చినా బాగుండాయనే అనాలి. పంట పోయిందని తెలిస్తే ఆ ఇంట్లో మైల జరిగిందని, ఆడవాళ్లు ఆచారం తప్పారని అంటారు. అందుకని పంట పోయిన ఇల్లు ఏం చేసేదో తెలుసా? చచ్చిన పురుగుల్ని గంపకెత్తి ఎవరూ చూడకుండా పేడదిబ్బలో పూడ్చేది. ఆ తర్వాత కూడా రెండు పూటలా తోటకు పోయి ఆకు కోసుకొచ్చేది. వీధి చూడాలి కదా! ఆకుమోపులు తలవాకిట్లో లోపలికి పోయేవి, పెరట్లో ఆవుల ముందు పడేవి. పురుగులు పండాల్సిన రోజు లెక్కగట్టి నాకు కబురు పెట్టేవాళ్లు. నేను చంద్రికలు దించి వచ్చేవాణ్ని. నాలుగు రోజులు వాటిని ఆ గదిలోనే, పురుగులు చచ్చిన గదిలోనే, గోడకు ఆనించి పెట్టి తిరిగి ఇచ్చేవాళ్లు.

నాకు మాత్రం తెలిసిపోయేది. గూళ్లు ఒలిచాక చంద్రికకు పట్టునూగు అంటుకుని ఉంటుంది, గాలి వీస్తే ఆడుతుంది. పురుగు ఎక్కని చంద్రికకు నూగు ఉండదు. ఏ ఇంట్లో పంట పోయిందో ఆ పల్లెలన్నిటిలో నా ఒక్కడికే తెలుసు. "ఆయప్ప నోట్లో నుంచి మాట జారదు" అని నాకు పేరు. ఆ పేరు తలకెక్కి తిరిగిన మూర్ఖుణ్ని.

ఆమె ఊళ్లో మేడ ఉన్న ఇల్లు ఒక్కటే. ఆ మేడింటాయన మాట మీదే ఊరంతా నా చంద్రికలు తీసుకునేది. ఒక ముసురు కాలంలో ఆయన ఇంటి నుంచి చంద్రికలు నూగు లేకుండా తిరిగొచ్చాయి. ఆయన నా కళ్లలోకి చూడలేదు, నేను ఆయన కళ్లలోకి చూడలేదు. మరునాడు ఆ బండినే ఆమె ఇంటి ముందు ఆపాను.

ఆమె చంద్రికను రెండు చేతులా పట్టుకుని వెలుతురుకు ఎత్తింది. చెయ్యి నడుముకు తుడుచుకుంది.

"అన్నా, తెలీక అడుగుతాండా. పోయినసారి ఈటికి నూగుండె. ఇప్పుడు యాల లేదు?"

"కడిగినాలేమ్మా."

"కడిగితే వెదురు నల్లబడాల గదా?"

"ఎండబెట్టినా."

"వారంగా ముసురు పట్టిండాది. యాడ ఎండినాయన్నా?"

పక్కింటి అరుగు మీద ఉన్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. "నీకు పురుగులు ఎక్కిచ్చేది కావాల్నా, ఇంకొకరి గుట్టు కావాల్నా?" అన్నాను. ఆమె చెయ్యి చంద్రిక మీద నుంచి తీసేసింది. "గుట్టు" అని పెదవుల మీద ఒకసారి పలికి చూసుకుంది. ఇంకేమీ అడగలేదు.

ఆ పంటలో గూళ్లు సగానికి సగం తేలిపోయాయి. చెవి దగ్గర ఊపితే లోపల పురుగు ఎండి గలగలమంది. తర్వాతి పంట గూటి దాకా కూడా రాలేదు. పురుగులు పండబోయే ముందు, తట్టల్లోనే, సున్నం కట్టి చచ్చాయి. ఆ రోగంలో పురుగు కుళ్లదు. కట్టెలాగా బిగుసుకుని, తెల్లగా సుద్దముక్క అవుతుంది. ముట్టుకుంటే పొడి రాలుతుంది.

ఆమె వాటిని పూడ్చలేదు. గుప్పెడు పురుగుల్ని గాజుసీసాలో వేసి మూత బిగించి, మిట్టమధ్యాహ్నం వీధిలోకి వచ్చింది. గడపగడపకూ పోయి, సున్నపుగీత ఇవతల నిలబడి సీసా ఎత్తి చూపించింది.

"మీ ఇండ్లలో ఇట్ల వచ్చిండాదా? వచ్చింటే ఏం జేస్తిరి? సెప్పండమ్మా, మీకు పున్నెముంటాది."

ఆ వీధిలో ఆ ఏడు పంట పోయిన ఇళ్లు ఏవేవో బండి మీద కూర్చున్న నాకు తెలుసు. ఆ ఇళ్ల వాళ్లే గట్టిగా అరిచారు. "మా ఇంట్లో యాలొస్తాది? మేం శుద్ధంగా ఉండేవాళ్లం!" "ఆ దరిద్రాన్ని తీసుకోని గడప దిగుమే!" మేడింటాయన వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు. "నీ పురుగులు సస్తే నా ముందర శోకమేంది?" అన్నాడు. ఆయన పక్కన ఆకుమోపు ఉంది. ఆవులకు పోయే ఆకు. ఆ మోపును చూశాను. నోరు తెరవలేదు.

రెండు రోజుల తర్వాత మదనపల్లె బస్సులో ఆమె కనిపించింది. నేను వెదురు కోసం పోతున్నాను. ఒళ్లో సీసా పెట్టుకుని కూర్చుని ఉంది. కండక్టరు వంగి చూశాడు.

"ఏంది తల్లీ, ఊరగాయా?"

"సచ్చిన పురుగులప్పా."

"అయ్యయ్యో! బస్సులోకి యాల తెచ్చినావు?"

"ఆఫీసులో సూపించాల. టికెట్టు నాకొక్కదానికే గదా? ఇవి ఏ స్టేజీలోనూ దిగవులే."

బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వు ఆగాక నా వైపు వంగి, గొంతు తగ్గించి అంది: "అన్నా, నాతో ఆఫీసుకు రా. ఒక్కదానికి కాళ్లు వణుకుతాండాయి."

ఆమెకు భయం లేదని అందరూ అనుకునేవాళ్లు. భయం లేనివాళ్లకు అడగడం ఏం కష్టం? సీసా మూత మీద ఆమె వేళ్లు ఆగకుండా అదరడం నేను చూశాను. అవి అదురుతుండగానే ఆమె మదనపల్లెలో దిగింది, దారి అడిగింది, పట్టుపురుగుల ఆఫీసు మెట్లెక్కింది. నేను వెనక నడిచాను. సాయం చేద్దామనే వెళ్లానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అక్కడ చంద్రికల మాట వస్తుందేమోనన్న భయంతో వెళ్లాను. అదీ నిజం.

లోపల బంట్రోతు ఆపాడు. "అప్లికేషను రాసుకొచ్చినావా?"

"నాకు అప్లికేషను రాదు సార్. నోరొచ్చు."

మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆఖరికి ఒక నడివయసు ఆఫీసరు పిలిచాడు. మంచివాడే. పురుగు మీది పొడిని గాజుముక్క మీదికి తీసి సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆమె చెయ్యి నడుముకు తుడుచుకుంది.

"సార్, నాకూ సూపిస్తారా?"

ఆయన ఒక్క క్షణం ఆగి, స్టూలు జరిపాడు. ఆమె ఒక కన్ను అరచేత్తో మూసుకుని చాలాసేపు చూసింది.

"సున్నం కాదు సార్ ఇది. గడ్డి. పురుగు మీద గడ్డి మొలిసిండాది."

అప్పుడు ఆయన మొదటిసారి ఆమె మొహం చూశాడు. "అవునమ్మా. బూజు జాతి. మొలుస్తుంది, గింజ రాలుస్తుంది. ఆ పొడంతా గింజలే. గాలికి పోతుంది, చేతులకు, సామాన్లకు అంటుకుని పోతుంది."

"నేను మైలపడి వచ్చింది కాదు గదా సార్?"

"కాదు."

"దేవుడు సేసింది కూడా కాదు గదా?"

"కాదమ్మా."

ఆమె స్టూలు మీదే ఉండి ఊపిరి వదిలింది. ఇంత పొడుగు ఊపిరి. ఊళ్లో అందరూ ఆమె మీద వేసిన మైల అంతా ఆ ఊపిరితో పోయినట్టనిపించింది. "అయితే మా ఇంటికి యాడ నుంచి వచ్చింది సార్?" అని అడిగేలోపు ఆయనకు లోపలి నుంచి పిలుపొచ్చింది. మందు ఇప్పించడానికి చీటీ రాసి, ఒక అచ్చుకాగితం ఆమె చేతిలో పెట్టాడు. "అంతా ఇందులో ఉంది. ఎవరిచేతనన్నా చదివించుకో. చెప్పింది చెప్పినట్టు చెయ్యి."

చదవడం రాని మనిషి చేతిలో కాగితం పెట్టడం ఏం న్యాయమని నేను చాలాకాలం ఆ ఆఫీసును తిట్టాను. తిట్టడం సులభం. ఆ రోజు చదవగలిగినవాడు ఆమె పక్కనే ఉన్నాడు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని, బడి మొహం చూడకుండా చదువు నేర్చానని గర్వపడేవాడు.

మదనపల్లె బస్టాండులో రేకుల నీడలో కూర్చున్నాం. "సదువన్నా. వేలు పెట్టి సదువు. యాడ ఏముండాదో నాకు తెలవాల" అంది. చదివాను. ఇల్లు సున్నం కొట్టాలి. మందునీళ్లు చల్లి కిటికీలు మూయాలి. తట్టలు ఎండబెట్టాలి. రోగం పురుగుల్ని కాల్చాలి. ప్రతి వాక్యానికీ ఆమె ఆఖరి మాటను పలికి చూసుకుంటోంది. కాగితం నడుమకు వచ్చాను. అక్కడ ఇలా ఉంది: బాడుగకు తెచ్చిన చంద్రికల ద్వారా ఈ రోగము ఒక ఇంటి నుండి మరియొక ఇంటికి వ్యాపించును. వాటిని మందునీటిలో ముంచి ఎండబెట్టనిదే ఎంతమాత్రమూ వాడరాదు.

నా వేలు ఆ రెండు వరసల మీద ఆగలేదు. కిందికి దిగింది.

"ఆడ ఇడిసినావే అన్నా?"

"ఏదీ?"

"ఈడ. ఇంత పొడుగుండాది." ఆమె తన వేలిని సరిగ్గా ఆ చోటే పెట్టింది.

"అది అచ్చేసినోళ్ల పేరులే."

"పేరు నడిమధ్యలో యాల పెడతారు?"

"పెడతారు. వాళ్లిష్టం."

"నడిమధ్యలో" అని పలికి చూసుకుంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకుంది. బస్సొచ్చింది.

ఆ తర్వాత నలభై రోజులు ఆమె చేసిన చాకిరీ ఊరంతా చూసింది. గోడలు గీకి సున్నం కొట్టింది. మందు చల్లితే కళ్లు వాచాయి. తట్టలన్నీ బావిగట్టు మీద ఎండేసింది. పొడి ఇంకో ఇంటికి పోకూడదని చెత్తను గుంతలో వేసి కాల్చింది. నేను చదివింది అక్షరం తప్పకుండా చేసింది. ఆ ఏడు పురుగులు ఎంత బాగా వచ్చాయంటే, నడిపివేలంత లావున, ఆకు తింటుంటే ఇంట్లో వాన కురిసినట్టు చప్పుడు.

నా చంద్రికల్ని నేనన్నా మందునీళ్లలో ముంచి ఉండాల్సింది. ఆమెకు చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా. అనుకున్నాను కూడా. కుంట దగ్గర కడిగితే జనం చూస్తారు. ఎందుకు కడుగుతున్నావని అడుగుతారు. అడిగితే మేడింటాయన గుట్టు బయటపడుతుంది, ఆ ఊళ్లో నా బండి ఆగిపోతుంది. కొట్టం వెనక రెండు రోజులు ఎండలో వేశాను. చాలులే అనుకున్నాను. తీసుకెళ్లి దించాను. ఆమె ఈసారి చంద్రికను వెలుతురుకు ఎత్తి చూడలేదు. నన్ను చూసింది. నేను ఎద్దు పగ్గం సర్దుకున్నాను.

ఐదో రోజు ఆమె పుంగనూరులో నా కొట్టానికి వచ్చింది. కొంగులో నాలుగు గూళ్లు. నా చెవి దగ్గర ఊపింది. నాలుగూ గలగలమన్నాయి.

"తట్టల్లో ఉన్నన్ని దినాలు బాగుండినాయన్నా. చంద్రికెక్కినాకనే."

నేను చంద్రికల దొంతరకు తాడు బిగించసాగాను.

"నాకు ముందు ఇవి ఎవరింట్లో ఉన్నాయో సెప్పన్నా. వాళ్లను ఒక్క మాట అనను. వాళ్లూ నేనూ కలిసి ఆఫీసుకు పోతాం. ఊరంతా ఒకేసారి కడిగితేనే పోతాదిది. ఈ ఒక్క సాయం సెయ్. నా వల్ల కాలేదు."

నా వల్ల కాలేదు. ఈ మూడు మాటలు మా వైపు ఒక మనిషి ఇంకో మనిషి ముందు నిలబడి అనడం నేను అంతకుముందు వినలేదు. మగవాళ్ల నోట అసలే వినలేదు. ఆమె అన్నది. నేనేమన్నానో కూడా రాయాలి.

"దిష్టిమ్మా. వీధివీధీ సీసా తిప్పితివే, దిష్టి తగలకుండా ఉంటాదా?"

ఆమె ఆ గూళ్లను కొట్టం గడప మీద వరసగా పెట్టి వెళ్లిపోయింది.

తోట పీకేసింది. అత్తను తీసుకుని కుప్పం వైపు కూలికి పోయిందని విన్నాను. ఆ తర్వాత ఆ వీధిలో ఒక్కొక్క ఇల్లే పురుగులు మానేసింది. మేడిల్లు కూడా. ఎవరూ ఎవరితోనూ ఒక్క మాట చెప్పుకోలేదు. ఆఖరి రోజు దాకా అందరి పురుగులూ బాగుండాయి.

చాలా ఏళ్లకు, నేను చంద్రికలు మానుకుని వెదురు బుట్టల వ్యాపారంలోకి దిగాక, కుప్పం పోయాను. దారం తీసే ఒక షెడ్డు ముందు నుంచి నడుస్తుంటే లోపలి నుంచి పిలుపు.

"అన్నా! పుంగనూరన్నా!"

ఉడుకునీళ్ల తొట్టి ముందు కూర్చుని గూళ్ల నుంచి దారం లాగుతోంది. జుట్టు నెరిసింది. ఆవిరికి మొహం ఉబ్బింది. వేళ్లు తెల్లగా నాని, సందుల్లో పుండ్లు. షెడ్డు ఓనరు బాషా కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చాడు. "మీ ఊరామేనా సాబ్? అల్లా కసమ్, ఈమె అడిగేదానికి జవాబు సెప్పలేక నేను మసీదులో హజ్రత్‌ని అడుగుతాండా. దారం యాల మెరస్తాదంట! మెరస్తాది, అంతే. నాకేం తెల్సు?"

"తెలీదని సెప్పినావు గదా భాయ్, అది సాలు" అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగింది. చెయ్యి నడుముకు తుడుచుకుంది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"అన్నా, ఒక సాయం సెయ్యాల. ఈడ ఆడోళ్లందరికీ ఇట్ల సేతులు పుండ్లు పడతాండాయి. పెద్దాసుపత్రి డాక్టరుకు అర్జీ రాసిపెట్టు. నెలకొకసారి వచ్చి సూడాలని. మందు ఇయ్యాలని. ఈ పుండ్లు యాల వస్తాండాయో మాకు సెప్పాలని. అది మాత్రం ఇడవొద్దు."

ఎవరిని అడుగుతోంది? నన్ను. అంత పెద్ద కుప్పంలో అర్జీ రాసేవాడు ఇంకొకడు దొరకలేదా? కాగితం తెప్పించి రాశాను. ఆమె చెప్పింది చెప్పినట్టు, ఒక్కో మాటకు ఆగి, అడిగి, రాశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ రాయలేదు. పూర్తయ్యాక చదవబోయాను. ఆమె కాగితాన్ని నా చేతిలో నుంచి మెల్లగా తీసుకుని బాషాకు ఇచ్చింది.

"భాయ్, సదువు. రాసింది రాసినట్టు. ఒక్క వరస కూడా ఇడవొద్దు."

బాషా గొంతు సవరించుకుని చదివాడు. ఆమె కాగితం వైపు చూడలేదు. చదువుతున్నంతసేపూ నా మొహం చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఆ రోజు ఆఫీసులో సూక్ష్మదర్శినిలోకి చూసినట్టు, ఇదేమిటో తెలుసుకోవాలన్నట్టు చూసింది. బాషా ఆఖరి వరస దాకా వచ్చాడు.

"అంతా ఉండాది" అంది. వేలిముద్ర వేసింది.

బస్సు ఎక్కించడానికి రోడ్డు దాకా తోడొచ్చింది. రాతిబల్ల మీద కూర్చున్నాం. వి.కోట మీదుగా పోయే బస్సు ఇంకా రాలేదు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని ఆరబెట్టుకుంటోంది.

"ఇంకా టైముండాదన్నా. నువ్వేమన్నా అడగాలంటే అడుగు" అంది.

నాకు గొంతు దాకా వచ్చింది. ఒక్క మాట. క్షమించమని అడగడానికి ఒక్క మాట చాలు. పక్కన కూర్చున్నది ఎవరు ఏం అడిగినా విసుక్కోని మనిషి. ఊళ్లోవాళ్లందరి కంటే ఎక్కువగా, అడగడమంటే ఎంత బరువో తెలిసిన మనిషి.

"ఏం లేదమ్మా" అన్నాను.

బస్సు ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది. అంతసేపూ ఆమె లేచి పోలేదు, నా పక్కనే కూర్చుని ఉంది.